ఇంగ్లండులో మధ్యయుగపు ప్రయరీ చర్చిని చూడబోయేవారికి

ఇంగ్లండులో ఒక పాత ప్రయరీ చర్చిని చూడటానికి బయలుదేరేవారు ముందుగా గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. చూడబోయేది చాలా సందర్భాల్లో పూర్తి కట్టడం కాదు. భోజనశాల, పడకశాల, సమావేశ మందిరం, వైద్యశాల, ధాన్యపు కొట్లు అన్నీ ఉన్న ఒక పెద్ద మఠంలో మిగిలిన ముక్క మాత్రమే అది. మఠపు భవనాలలో ఎక్కువ భాగం 1536 తరువాతి కొద్ది సంవత్సరాలలో కూల్చివేతకు గురయ్యాయి. చర్చి మాత్రం ఏదో ఒక కారణం వల్ల, ఏదో ఒక మేరకు నిలిచింది. అందువల్ల లోపలికి అడుగుపెట్టగానే అందమైన కిటికీల కోసం వెతకడం కన్నా, ఇక్కడ ఏ భాగం మిగిలింది, ఏది పోయింది, ఎందుకు పోయింది అని అడగడం మేలు. ఈ ప్రశ్నతో తిరిగేవారికి గోడ మధ్యలో మూసేసిన తలుపూ, గాలిలో ఆగిపోయిన సగం కమానూ, చర్చి పొడవుకు పొంతన లేని ఎత్తూ వాటంతటవే అర్థమవుతాయి. ఈ ప్రశ్న లేకుండా తిరిగేవారికి పది చర్చిలు చూసినా అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

వెళ్ళే ముందు తెలిసి ఉండవలసిన చరిత్ర

ప్రయర్ అనే మఠాధిపతి కింద నడిచిన మఠాన్ని ప్రయరీ అంటారు. అబాట్ అనే అధిపతి ఉన్నదాన్ని అబ్బే అంటారు. డరమ్, కాంటర్‌బరీ, వించెస్టర్ వంటి కొన్ని చోట్ల బిషప్ ఉండే కెథీడ్రలే ఒక మఠం కూడా కావడంతో అబాట్ స్థానం బిషప్‌దిగా భావించి, రోజువారీ వ్యవహారాలను ప్రయర్ నడిపేవాడు. అయితే బోర్డుల మీది పేర్లను పూర్తిగా నమ్మడానికి వీల్లేదు. యార్క్‌షైర్‌లోని బోల్టన్ అబ్బే, నార్తంబర్లాండ్‌లోని హెక్సమ్ అబ్బే రెండూ మఠాలు మూతబడే నాటికి ప్రయరీలే.

పేరు కన్నా ముఖ్యమైనది అక్కడ ఉన్నవారు ఏ సంప్రదాయానికి చెందినవారన్న విషయం. బెనడిక్టైన్లు ప్రధానంగా మఠం లోపలే జీవించిన సన్యాసులు. అగస్టీనియన్లు మాత్రం గురుత్వాభిషేకం పొంది, ఒక నియమావళి కింద కలిసి జీవించిన మతగురువులు. వీరికి చుట్టుపక్కల ఊళ్ళ చర్చిలతోనూ సంబంధం ఉండేది. అగస్టీనియన్ చర్చిలలో పడమటి భాగాన్ని ఊరి జనానికి ప్రార్థనా స్థలంగా ఇవ్వడం తరచుగా కనిపిస్తుంది. బెనడిక్టైన్లలోనూ ఇలా జరిగిన చోట్లు లేకపోలేదు. శతాబ్దాల తరువాత కట్టడాల తలరాతను నిర్ణయించింది ఈ ఏర్పాటే.

ఎనిమిదవ హెన్రీ ప్రభుత్వం 1536లో చేసిన చట్టం ఏడాదికి 200 పౌండ్ల లోపు ఆదాయమున్న మఠాలను మూసివేసింది. పెద్ద మఠాలు ఒక్కొక్కటిగా తమ ఆస్తులను రాజుకు అప్పగించగా, 1540 నాటికి ఆ పని పూర్తయింది. పైకప్పుల మీది సీసం, గంటల లోహం ఖజానాకు చేరాయి. సీసం తీసేసిన కప్పు వానకు ఎంతకాలం ఆగుతుంది? మిగతా కూల్చివేతను వాతావరణమూ, ఇళ్ళు కట్టుకోవడానికి రాళ్ళు మోసుకుపోయిన ఇరుగుపొరుగూ చేశారు. ఊరివారికి హక్కు ఉన్న భాగం మాత్రం సాధారణంగా మిగిలింది. బోల్టన్‌లో పడమటి భాగం నేటికీ ఊరి చర్చిగా నడుస్తూ ఉండగా, తూర్పు భాగం దాని వెన్నంటే శిథిలంగా నిలిచి ఉంది. డన్‌స్టబుల్‌లోనూ పడమటి భాగమే మిగిలింది. హెన్రీకి, ఆరగాన్ కేథరిన్‌కు జరిగిన వివాహం చెల్లదని ఆర్చిబిషప్ క్రాన్మర్ 1533 మేలో తీర్పు చెప్పింది ఈ డన్‌స్టబుల్ ప్రయరీలోనే. ఏడేళ్ళలోపే ఆ ప్రయరీ కూడా రాజు చేతిలోనే మూతబడింది. వూస్టర్‌షైర్‌లోని గ్రేట్ మాల్వెర్న్‌లో ఊరివారు 20 పౌండ్లు చెల్లించి మఠపు చర్చిని కొనుక్కున్నారు. డోర్సెట్‌లోని క్రైస్ట్‌చర్చ్ ప్రయరీ చర్చి 1540లో ఊరివారికి దాఖలు పడటం వల్ల దాదాపు మొత్తంగా దక్కింది. ఇంగ్లండులో అతి పొడవైన పారిష్ చర్చిగా, అంటే ఊరివారి చర్చిగా, దానినే చెబుతారు.

కాబట్టి ప్రయాణానికి ముందు చేయవలసిన పని పెద్దదేమీ కాదు. చూడబోయే చర్చి ఏ సంప్రదాయానిది, మఠం ఏ ఏడు మూతపడింది, మిగిలినది తూర్పు భాగమా పడమటి భాగమా అన్న మూడు విషయాలు తెలుసుకొని, వీలైతే నేల నక్షాను ఫోన్‌లో దాచుకోవాలి. చాలా చర్చిల్లో తలుపు పక్కన అమ్మే చిన్న పుస్తకంలో వేరువేరు కాలాల గోడలను వేరువేరు రంగుల్లో చూపే నక్షా ఉంటుంది. పుస్తకంలో మిగతాదంతా ఇంటికి వచ్చాక చదువుకోవచ్చు గానీ, ఆ నక్షా ఉన్న పేజీని మాత్రం లోపల తిరుగుతున్నంతసేపూ తెరిచి ఉంచుకోవాలి.

ఏ వేళకు వెళ్ళాలి

ఇవి ప్రదర్శనశాలలు కావు, వాడుకలో ఉన్న ప్రార్థనాలయాలు. ఆదివారం ఉదయం ఆరాధన జరుగుతున్నప్పుడు చుట్టూ తిరిగి చూడటం కుదరదు. శనివారాల్లో వివాహాలు, పనిదినాల్లో అంత్యక్రియలు, సాయంత్రాల్లో సంగీత కచేరీల సాధన ఉండవచ్చు. అందువల్ల బయలుదేరే రోజున చర్చి వెబ్‌సైటులో ఆ వారపు కార్యక్రమాన్ని చూసుకోవాలి. శీతాకాలంలో చాలా చర్చిలను త్వరగా మూసేస్తారు. మూయకపోయినా మూడున్నర దాటాక లోపల వెలుతురు చాలదు.

వెలుతురు సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. చర్చి తూర్పు పడమరలుగా ఉంటుంది కాబట్టి తూర్పు కిటికీ ఉదయం పూట, పడమటి కిటికీ సాయంత్రం పూట బాగా వెలుగుతాయి. ఉత్తరపు కిటికీల్లో రోజంతా ఒకే తీరు మెత్తని వెలుగు ఉంటుంది. రంగు గాజును ఓపికగా చదవడానికి అదే అనువైనది. ఎండ బాగా కాసే రోజున దక్షిణపు కిటికీల రంగులు ఎదుటి స్తంభాల మీద పడి కళ్ళకు ఇంపుగా ఉంటాయి గానీ, కిటికీలోని బొమ్మ మాత్రం మిరుమిట్లలో సరిగా ఆనదు. మబ్బు రోజు అని నిరాశపడనక్కరలేదు. గాజు చూడటానికి వెళ్ళేవారికి పలుచని మబ్బు మంచి స్నేహితుడే.

వెంట తీసుకువెళ్ళవలసినవి తక్కువే. చిన్న బైనాక్యులర్ ఒకటి తప్పనిసరి. కప్పు కలిసే చోట చెక్కిన ముడిరాళ్ళూ, కిటికీ పైవరుసలోని దేవదూతలూ అది లేకుండా కేవలం రంగు చుక్కలుగానే మిగిలిపోతాయి. చిన్న టార్చి ఉంటే గోడ మీది గీతలు చూడటానికి పనికివస్తుంది. వేసవిలో కూడా రాతి గోడల మధ్య చలిగా ఉంటుంది కాబట్టి ఒక స్వెట్టర్ ఉండాలి. శిథిలాలు కూడా చూడాలనుకుంటే తడి గడ్డిలో జారని బూట్లు వేసుకోవాలి.

బయటినుంచి మొదలుపెట్టాలి

చాలామంది నేరుగా లోపలికి వెళ్ళిపోతారు. ముందు కట్టడం చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి రావడమే సరైన పద్ధతి. చర్చిలో ఏ భాగం పోయిందన్న ప్రశ్నకు సగం జవాబు బయటే దొరుకుతుంది.

పూర్తి ప్రయరీ చర్చి నేల నక్షా శిలువ ఆకారంలో ఉండేది. పడమటి పొడవాటి భాగం నేవ్. తూర్పు భాగం క్వయర్. మఠవాసులు రోజుకు ఎనిమిది వేళల ప్రార్థనలు జరిపింది ఇక్కడే. ఈ రెంటి నడుమ ఉత్తరానికీ దక్షిణానికీ చాచిన చేతులు ట్రాన్సెప్టులు. ఆ నాలుగు భాగాలూ కలిసే కూడలి మీద గంటల గోపురం ఉండేది. నేవ్‌ను ఆనుకొని, సాధారణంగా ఎండ తగిలే దక్షిణపు వైపున, నాలుగు వైపులా కప్పున్న నడవలతో క్లాయిస్టర్ అనే చదరపు ముంగిలి ఉండేది. మఠపు మిగతా భవనాలు దాని చుట్టూ అమరేవి.

ఇప్పుడు దక్షిణపు గోడ దగ్గర నిలబడి చూడాలి. కిటికీలు గోడలో మరీ పైకి ఉండి, కింది సగం ఖాళీగా ఉంటే అక్కడ క్లాయిస్టర్ నడవ కప్పు ఆనుకొని ఉండేదని అర్థం. ఆ కప్పు దూలాలను మోసిన, గోడలోంచి పొడుచుకువచ్చిన రాళ్ళు ఒకే ఎత్తులో వరుసగా కనిపిస్తాయి. గోడకు రెండు చివరలా రెండు తలుపులు, కనీసం వాటిని మూసేసిన ఆనవాళ్ళు ఉంటే అవి మఠవాసులు ఊరేగింపుగా వచ్చిపోయిన ద్వారాలు. తూర్పు చివర గోడ బోసిగా, తరువాత పెట్టిన కిటికీతో, రెండు పక్కలా విరిగిన గోడ మొదళ్ళతో ఉంటే క్వయర్ పోయినట్టే. గోపురం మీద వాలుగా ఒక గీత కనిపిస్తే, అది పాత కప్పు ఆనిన చోటు. ఇప్పటి కప్పు ఎంత కిందికి దిగిందో దాన్నిబట్టి తెలుస్తుంది.

కొన్ని చోట్ల ఇవన్నీ మామూలు పద్ధతికి భిన్నంగా ఉంటాయి. కంబ్రియాలోని కార్ట్‌మెల్ ప్రయరీలో క్లాయిస్టర్‌ను తరువాతి కాలంలో దక్షిణం నుంచి ఉత్తరానికి మార్చారు. ఆ చర్చి గోపురం మరీ విచిత్రం. కింది చదరం మీద పై అంతస్తును మూలల వైపుకు తిప్పి, కిందిదానికి అడ్డంగా కూర్చోబెట్టారు. స్కాట్లాండు సరిహద్దుకు దగ్గరలోని లానర్‌కాస్ట్ ప్రయరీ గోడల్లో సమీపంలోని హేడ్రియన్ గోడ నుంచి తెచ్చిన రోమన్ రాళ్ళున్నాయి. మధ్యయుగపు కట్టడమని అనుకుంటూ మనం చేయి వేసే రాయిని అంతకు వెయ్యేళ్ళ ముందే ఒక రోమన్ సైనికుడు చెక్కి ఉండవచ్చు.

లోపల కాలాన్ని గుర్తుపట్టడం

కమాను చూసి కాలాన్ని అంచనా వేయడం ఒక్క పూటలో నేర్చుకోగల విద్య. బొద్దు స్తంభాలు, అర్ధచంద్రాకారపు కమానులు, వాటి మీద వంకీలు తిరిగిన గీతలు ఉంటే అది నార్మన్ పని, ఇంచుమించు 12వ శతాబ్దపుది. కమాను కొనదేరి, కిటికీలు సన్నగా పొడవుగా ఈటె మొనల్లా విడివిడిగా ఉంటే 13వ శతాబ్దం. కిటికీ పైభాగంలో రాతి లతల అల్లిక చేరితే 13వ శతాబ్దపు చివరి భాగం నుంచి 14వ శతాబ్దపు నడిమి వరకు. నిట్టనిలువు రాతి కమ్మీలతో గోడంతా కిటికీగా మారిపోయి ఉంటే ఆ తరువాతి కాలం నుంచి మఠాలు మూతబడేదాకా. ఒకే చర్చిలో ఈ నాలుగూ పక్కపక్కనే ఉండటం సాధారణం; డబ్బు వచ్చినప్పుడల్లా కొంత కొంత కట్టుకుంటూ పోయారు.

అయితే ఒక హెచ్చరిక చెప్పుకోవాలి. 19వ శతాబ్దంలో విక్టోరియా కాలపు వాస్తుశిల్పులు దాదాపు ప్రతి చర్చినీ మరమ్మతు చేశారు. పోయిన భాగాలను పాత పద్ధతిలోనే మళ్ళీ కట్టారు. అంచులు వాడిగా, రాళ్ళన్నీ ఒకే రంగులో, అతుకులు సన్నగా నేరుగా ఉంటే అనుమానించవలసిందే. రంగు గాజుకూ ఇదే వర్తిస్తుంది. పాత గాజు చిన్న చిన్న ముక్కలుగా, మందపాటి సీసపు గీతలతో, మచ్చలు పడి, అక్కడక్కడా వేరే కిటికీ ముక్కతో అతుకు వేసి ఉంటుంది. శుభ్రంగా, బొమ్మలన్నీ ఒకే చేతివాటంతో ఉన్నది చాలావరకు 19వ శతాబ్దపుది. దాన్ని చిన్నచూపు చూడనక్కరలేదు గానీ, రెంటినీ ఒకటనుకోకూడదు. ఈ తేడాను నేర్చుకోవడానికి గ్రేట్ మాల్వెర్న్ కన్నా మంచి చోటు తక్కువ. అక్కడ 15వ శతాబ్దపు గాజు విస్తారంగా మిగిలింది. ఉత్తరపు ట్రాన్సెప్టు కిటికీ ఏడవ హెన్రీ 1501లో ఇచ్చినది. 15వ శతాబ్దంలోనే కాల్చిన మట్టి పలకలు కూడా గోడలకు వందల సంఖ్యలో ఉన్నాయి. నేలమీద పరచిన పలకలు అడుగుల కింద అరిగిపోతాయి. ఇవి గోడకు ఉండటం వల్ల వాటి మీది అక్షరాలూ డాలు గుర్తులూ ఇంకా చదవడానికి వీలుగా ఉన్నాయి.

దగ్గరగా చూడవలసినవి

క్వయర్‌లో ఇరువైపులా ఉండే చెక్క ఆసనాలను తప్పక చూడాలి. మఠవాసులు గంటల తరబడి నిలబడి ప్రార్థించవలసి వచ్చేది కాబట్టి, పైకి మడిచే పీట అడుగున ఒక చిన్న అంచును బిగించేవారు. నిలబడినట్టే ఉండి దాని మీద కాస్త ఒరగవచ్చు. ఇలాంటి పీటలను మిసెరికార్డులు అంటారు. కూర్చునే భాగం కింద కనిపించని చోట వడ్రంగులు తమ ఇష్టానికి బొమ్మలు చెక్కారు. బలిపీఠానికి పది అడుగుల దూరంలోనే ఇంత అల్లరి ఎలా సాగిందా అనిపిస్తుంది. మాల్వెర్న్‌లోని ఒక పీట అడుగున ఎలుకలన్నీ చేరి పిల్లిని ఉరితీస్తున్న బొమ్మ ఉంది. కార్ట్‌మెల్‌లో మఠం మూతబడ్డాక ఊరివారి భాగం మినహా మిగతా చర్చికి దాదాపు ఎనభై ఏళ్ళు కప్పు లేకపోవడంతో, 17వ శతాబ్దం తొలినాళ్ళలో జార్జ్ ప్రెస్టన్ అనే భూస్వామి మళ్ళీ కప్పు వేయించేదాకా, ఇలాంటి ఆసనాలు వానలోనే నానాయి. పీటలను ఎత్తి చూడటానికి అనుమతి ఉందో లేదో అక్కడివారిని అడగాలి. చాలా చోట్ల కొన్నిటిని వారే ఎత్తి ఉంచుతారు.

నార్ఫోక్‌లోని బినమ్ ప్రయరీలో మరో రకపు వస్తువుంది. నేవ్‌కూ క్వయర్‌కూ అడ్డుగా ఉండిన చెక్క తెర పలకల మీద మొదట పునీతుల బొమ్మలు వేశారు. ఇంగ్లండు చర్చి పోపు నుంచి విడిపోయిన మతసంస్కరణ కాలంలో వాటికి సున్నం పూసి, దాని మీద ఇంగ్లీషు బైబిలు వాక్యాలను నల్లని అక్షరాలతో రాశారు. కాలక్రమంలో ఆ పూత పలుచబడింది. ఇప్పుడు వాక్యాల మధ్యలోంచి పునీతుల ముఖాలు పైకి తేలుతున్నాయి. ఏ రాతకు అడ్డుగా ఎవరి కన్ను వచ్చిందో చూడవచ్చు. మతసంస్కరణ గురించి ఒక అధ్యాయం చదివినా తెలియనిది ఆ పలకల ముందు అయిదు నిమిషాలు నిలబడితే తెలుస్తుంది.

హెక్సమ్‌లో దక్షిణపు ట్రాన్సెప్టులో రాత్రి మెట్లు మిగిలి ఉన్నాయి. అర్ధరాత్రి ప్రార్థన కోసం పడకశాల నుంచి నేరుగా చర్చిలోకి దిగడానికి కట్టిన మెట్లివి. నడుమ భాగం అరిగి పల్లంగా ఉంది. చాలా చోట్ల పడకశాలతో పాటు ఈ మెట్లూ పోయాయి, ట్రాన్సెప్టు గోడలో ఎత్తున ఒక తలుపు మాత్రం మిగిలి ఉంటుంది. అలాంటి తలుపు కనిపిస్తే దాని అర్థం ఇదే.

బలిపీఠానికి దక్షిణపు గోడలో చిన్న గూడు, అందులో నీరు పోయే రంధ్రం ఉంటే, అది పూజాపాత్రలు కడిగిన చోటు. నేవ్‌లోని స్తంభాల దగ్గర, పక్క నడవల చివర్లలో అలాంటి గూళ్ళు కనిపిస్తే అక్కడ కూడా ఒకప్పుడు బలిపీఠాలు ఉండేవని గ్రహించాలి. టార్చిని గోడకు ఏటవాలుగా పట్టి చూస్తే రాతిపనివారు చెక్కిన గుర్తులూ, వృత్తలేఖినితో గీసిన పూల వంటి గీతలూ బయటపడతాయి. ఎదురుగా పడే వెలుగులో అవి కనిపించవు.

క్రైస్ట్‌చర్చ్‌లో మార్గదర్శకులు ముందుగా చూపేది ఒక దూలం. అది పొరపాటున పొట్టిగా కోసినదనీ, మర్నాటికి సరైన పొడవుతో దాని చోట అమరి ఉందనీ, పేరు చెప్పని ఒక వడ్రంగి చేసిన పని అదనీ కథ. కథను వినవలసిందే. కానీ అక్కడ అంతకన్నా శ్రద్ధగా చూడవలసినది ఎనిమిదవ హెన్రీకి బంధువైన మార్గరెట్ పోల్ తన సమాధి కోసం కట్టించుకున్న చిన్న మందిరం. ఆమెను 1541లో లండన్ టవర్‌లో శిరచ్ఛేదం చేసి అక్కడే పాతిపెట్టారు. మందిరం ఖాళీగా మిగిలింది. దాని కప్పులోని ఆమె వంశచిహ్నాలను రాజు మనుషులు చెక్కివేశారు. ఆ గరుకు మచ్చలు నేటికీ ఉన్నాయి.

లండన్‌లో ఒక ఉదాహరణ

పైన చెప్పిన పద్ధతిని పట్టుకొని చూడటానికి స్మిత్‌ఫీల్డ్‌లోని సెయింట్ బర్తోలొమ్యూ ది గ్రేట్ చర్చి అన్నివిధాలా తగినది. మొదటి హెన్రీ ఆస్థానంలో ఉండిన రాహియర్ 1123లో దీన్ని అగస్టీనియన్ ప్రయరీగా స్థాపించాడు. పక్కనున్న ఆసుపత్రి కూడా ఆయన స్థాపించినదే. బార్బికన్ లేదా ఫారింగ్డన్ స్టేషను నుంచి నడిచి వెళ్ళవచ్చు.

వీధిలోంచి చూస్తే ముందు కనిపించేది రాతి కమాను, దాని మీద 16వ శతాబ్దపు చెక్క ఇల్లు. మొదటి ప్రపంచయుద్ధంలో జెప్పెలిన్ అనే జర్మన్ గాలినౌక దాడికి పైపూత రాలాకే ఆ చెక్క చట్రం బయటపడింది. ఈ కమాను దగ్గర ఆగాలి. ఇది చర్చి ప్రాంగణపు గేటు కాదు. చర్చి పడమటి ముఖంలో పక్క నడవకు ఉండిన తలుపు. అంటే కమాను దాటిన క్షణం నుంచి మనం నేవ్‌లో నడుస్తున్నట్టే. ఎడమన కనిపించే సమాధుల తోట ఉన్న మేరంతా ఒకప్పుడు స్తంభాలతో, కప్పుతో ఉండేది. మఠాన్ని 1539లో మూసేశాక ఆ నేవ్‌ను కూల్చేశారు. క్వయర్ ఊరివారికి చర్చిగా మిగిలింది. బోల్టన్‌కు ఇది సరిగ్గా తలకిందులు. ఇప్పుడున్న తలుపు తీసి లోపలికి వెళితే నేరుగా కూడలిలోకి, ఆపైన మఠవాసుల క్వయర్‌లోకి చేరతాము. బొద్దు నార్మన్ స్తంభాలు తూర్పు చివర అర్ధవృత్తంగా తిరుగుతాయి, వాటి వెనక చుట్టూ నడవ ఉంటుంది.

బలిపీఠానికి ఉత్తరాన రాహియర్ సమాధి ఉంది. దాని మీది రాతి పందిరి ఆయన పోయిన రెండు శతాబ్దాలకు పైగా గడిచాక చేసినది. దానికి ఎదురుగా పైకి చూస్తే, గోడలోంచి ముందుకు పొడుచుకువచ్చిన ఒక కిటికీ కనిపిస్తుంది. 16వ శతాబ్దపు మొదటి భాగంలో ప్రయర్‌గా ఉన్న విలియం బోల్టన్ కట్టించుకున్నది అది. దాని కింద ఒక పీపాను గుచ్చుకుపోయిన బాణం చెక్కి ఉంది. బాణానికి ఇంగ్లీషులో ఉన్న ‘బోల్ట్’ అనే పేరునూ, పీపాకు ఉన్న ‘టన్’ అనే పేరునూ కలిపి పలికితే ఆయన పేరు వస్తుంది. సంతకానికి బదులు బొమ్మ పెట్టాడన్నమాట.

మఠం పోయాక మిగిలిన భాగాలన్నీ చేతులు మారాయి. తూర్పు చివర మరియమాత పేరిట ఉన్న లేడీ చాపెల్ అనే చిన్న మందిరం ఇళ్ళుగానూ పనిశాలలుగానూ మారింది. 1725లో కుర్రవాడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ అక్కడి అచ్చుకూటంలో పనిచేశాడు. ఉత్తరపు ట్రాన్సెప్టులో కమ్మరి కొలిమి నడిచింది. 19వ శతాబ్దపు చివరి దశాబ్దాలలో వాస్తుశిల్పి ఆస్టన్ వెబ్ ఆధ్వర్యంలో ఇవన్నీ తిరిగి చర్చికి చేరాయి. అందుకే ట్రాన్సెప్టుల రాయి అంత కొత్తగా ఉంటుంది. 1697లో చిత్రకారుడు విలియం హోగార్త్‌కు బాప్తిస్మం ఇచ్చిన రాతి తొట్టి ఇంకా వాడుకలోనే ఉంది. దక్షిణపు గోడకు 1652లో మరణించిన ఎడ్వర్డ్ కుక్ స్మారకం ఉంది. చూసేవారిని కన్నీరు కార్చమని దాని మీది పద్యం అడుగుతుంది. గాలిలోని తేమ చల్లని రాయి మీద పేరుకోవడంతో ఆ విగ్రహం తానే ఏడ్చేదట. చర్చిలో వేడి గొట్టాలు అమర్చాక ఆ ఏడుపు ఆగిపోయింది.

మర్యాదలు, ఖర్చు

బూట్లు విడవనక్కరలేదు, మగవారు టోపీ తీయాలి. తాడు కట్టిన చోటూ, బలిపీఠం ముందున్న చెక్క కటకటాలూ దాటకూడదు. నేలలో పరచిన సమాధి రాళ్ళ మీద నడవడం తప్పనిసరి, దాన్నెవరూ అమర్యాదగా భావించరు. ఇత్తడి రేకులు తాపిన రాళ్ళ మీద మాత్రం అడుగు వేయకూడదు, అవి గీచుకుపోతాయి. ఫొటోలు చాలా చోట్ల తీసుకోవచ్చు గానీ ఫ్లాష్ వద్దు, ట్రైపాడ్‌కు ముందుగా అనుమతి అడగాలి. ప్రార్థిస్తున్నవారు ఫొటోలో పడకుండా చూసుకోవాలి. కొవ్వొత్తి వెలిగించాలనుకుంటే పక్కనున్న పెట్టెలో దాని వెల వేయాలి.

పారిష్ చర్చిలలో ప్రవేశం చాలావరకు ఉచితమే. రాతి కట్టడాన్ని నిలబెట్టే భారం ఎక్కువగా ఆ ఊరివారి మీదే ఉంటుంది కాబట్టి విరాళం పెట్టెను దాటిపోకుండా ఉండటం న్యాయం. కార్డు ఆనించే యంత్రాలు ఇప్పుడు చాలా చోట్ల ఉన్నాయి. చర్చి ఒకరిది, దాని వెనక శిథిలాలు మరొకరివి కావడం కూడా మామూలే. లానర్‌కాస్ట్‌లో చర్చి ఊరివారి ఆరాధనకు, శిథిలాలు ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ నిర్వహణకు చెందుతాయి; కాబట్టి సమయాలనూ టికెట్టునూ రెంటికీ వేరువేరుగా చూసుకోవాలి. ప్రతి సెప్టెంబరులో జరిగే హెరిటేజ్ ఓపెన్ డేస్ సమయంలో మామూలుగా మూసి ఉండే గోపురాలనూ గదులనూ కొన్ని చర్చిలు ఉచితంగా చూపుతాయి.

తలుపు దగ్గర కూర్చునే స్వచ్ఛంద కార్యకర్తలు ఎక్కువగా ఆ ఊరి పెద్దవారే. వారిని చరిత్ర మొత్తం చెప్పమనడం కన్నా, మూసేసిన ఒక తలుపును చూపి అది ఎక్కడికి పోయేదని అడిగితే ఎంతో ఉత్సాహంగా చెబుతారు, ఒక్కోసారి తాళంచెవి తీసి మరో గది కూడా చూపుతారు.

సాయంకాలపు గాన ప్రార్థన ఉన్న రోజైతే దానికి కూర్చోవచ్చు. దాన్ని ఈవెన్‌సాంగ్ అంటారు. ముప్పావు గంట పడుతుంది, మతంతో నిమిత్తం లేకుండా ఎవరైనా హాజరు కావచ్చు. పదిహేను నిమిషాలు ముందు వెళ్ళి, అందరూ లేచినప్పుడు లేచి, కూర్చున్నప్పుడు కూర్చుంటే చాలు. రొట్టె, ద్రాక్షరసం పంచే కమ్యూనియన్ జరిగే ఆరాధనలో మాత్రం బాప్తిస్మం పొందనివారు తమ స్థానంలోనే ఉండిపోవచ్చు, లేదా వరుసలో వెళ్ళి చేతులు ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుంటే గురువు దీవెన మాత్రం ఇస్తారు.

మొదటిసారి వెళ్ళేవారు లండన్‌లో ఉంటే స్మిత్‌ఫీల్డ్‌తో మొదలుపెట్టడం తేలిక. రైలులో వెళ్ళగలిగేవాటిలో క్రైస్ట్‌చర్చ్, గ్రేట్ మాల్వెర్న్ రెండూ స్టేషను నుంచి నడిచే దూరంలోనే ఉన్నాయి. గాజు మీద ఆసక్తి ఉంటే రెండవది ఎంచుకోవాలి. కారు ఉండి, నిలిచిన సగాన్నీ కూలిన సగాన్నీ ఒకే చోట చూడాలనుకునేవారికి బోల్టన్ సరైనది. అక్కడ పడమటి ముఖాన 1520లో ప్రయర్ మూన్ మొదలుపెట్టిన గోపురం మఠం మూతపడటంతో సగంలో ఆగి, 1984 దాకా కప్పు లేకుండానే ఉండిపోయింది. ఇప్పుడు దాని కింది నుంచే లోపలికి వెళ్ళాలి. ఆ గోపురం కింద వెనుదిరిగి నిలబడితే, పాత పడమటి ముఖం దాని వెనక చెక్కుచెదరకుండా దాగి ఉండటం కనిపిస్తుంది. కొత్త గోపురం పూర్తయి ఉంటే దాన్ని కూల్చేసేవారే.